నాదంతో సేదతీరడం: ఇంట్లోనే చేసుకోగల శబ్ద చికిత్సకు సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో శబ్దానికి కొదవ లేదు. తెల్లవారకముందే మైకులో సుప్రభాతం, స్టేషను వైపు నుంచి రైలు కూత, కొండ బస్సుల హారన్లు, గుంపులుగా నడిచే యాత్రికుల గోవింద నామస్మరణ, అర్ధరాత్రి దాటినా లాడ్జీల ముందు సామాన్లు దించే చప్పుడు. ఇంత మోత మధ్య బతికేవాళ్లకు శబ్దంతోనే విశ్రాంతి దొరుకుతుందని చెబితే నమ్మబుద్ధి కాదు. అయినా దొరుకుతుంది. దానికి తట్టి మోగించే ఖరీదైన గిన్నెలు, నెల చందా కట్టే ఆప్‌లు, వారాంతపు శిబిరాలు అక్కర్లేదు.

శబ్ద చికిత్స పేరుతో అమ్ముడుపోయేది మధ్య భాగం మాత్రమే, అంటే వినిపించే నాదం. దానికి ముందు ఇంట్లో రొద తగ్గించుకోవడం, నాదం ఆగిపోయాక కాసేపు నిశ్శబ్దంలో కూర్చోవడం ఎవరూ అమ్మలేరు కాబట్టి వాటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. నా అభిప్రాయంలో ఫలితంలో సగానికి పైగా ఆ రెండింటి నుంచే వస్తుంది. అందుకే ఈ మార్గదర్శి అక్కడ మొదలై అక్కడే ముగుస్తుంది.

ఇది ఏం చేస్తుంది, ఏం చేయదు

హఠాత్తుగా తలుపు ధడాలుమంటే మనం ఆలోచించకముందే గుండె వేగం పెరుగుతుంది, భుజాలు బిగుసుకుంటాయి. చెవి పట్టుకున్న సమాచారం మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగాలకు అంత వేగంగా చేరుతుంది. అదే ఒక శబ్దం మెల్లగా, ఒకే తీరుగా, తర్వాత ఏం వస్తుందో ముందే తెలిసేలా సాగితే ఆ భాగాలకు పని ఉండదు. దానికి తోడు ఊపిరి నెమ్మదిగా వదిలితే, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. శబ్ద చికిత్సలో పనికొచ్చే పద్ధతులన్నీ ఈ రెండు మార్గాల్లో ఏదో ఒకదాని మీద నడిచేవే.

ఆధారాలు కూడా ఉన్నాయి, అయితే వాటి పరిధి తెలుసుకోవాలి. వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2022 సమీక్ష నిద్రలేమితో బాధపడే పెద్దలపై జరిగిన 13 అధ్యయనాలను, మొత్తం 1,007 మంది వివరాలను పరిశీలించింది. రోజూ 25 నుంచి 60 నిమిషాల పాటు సంగీతం విన్నవాళ్లు తమ నిద్ర మెరుగుపడిందని చెప్పారు. గిన్నెల నాదంపై 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో 62 మంది పాల్గొన్నారు. ఆ నాదం విన్నాక వాళ్లలో ఆందోళన, బిగువు తగ్గాయి. కానీ పోల్చి చూడటానికి గిన్నెలు వినని మరో బృందం అందులో లేదు. ఊరికే గంటసేపు కదలకుండా పడుకున్నా అంత మేలు జరిగేదా అన్న ప్రశ్నకు ఆ అధ్యయనంలో జవాబు దొరకదు.

ఏం చేయదో కూడా చెప్పాలి. రక్తపోటు మాత్రలకు, మధుమేహం మందులకు, క్యాన్సర్ చికిత్సకు ఇది ప్రత్యామ్నాయం కాదు. వేసుకుంటున్న మందులు ఏవీ ఆపకుండా, వాటికి తోడుగానే చేయండి.

మొదటి అడుగు: ఇంట్లో రొద తగ్గించండి

రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆపి, పడకగదిలో దీపం ఆర్పి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. వినిపించిన ప్రతి శబ్దాన్నీ కాగితం మీద రాయండి. ఫ్యాను కటకట, ఫ్రిజ్ గుయ్యిమనడం, ఇన్వర్టర్ ఝుంకారం, కుళాయి చుక్కలు, పక్కింటి మోటారు, వీధి కుక్కలు. రాసుకున్నాక రెండు భాగాలు చేయండి: మన చేతిలో ఉన్నవి, లేనివి. రోజూ వింటూ వింటూ మరిచిపోయిన శబ్దాలు ఎన్ని ఉన్నాయో ఈ కాగితమే చూపిస్తుంది. మరిచిపోయినంత మాత్రాన అవి మన మీద పనిచేయడం ఆపవు. నిద్రలోనూ చెవి తెరిచే ఉంటుంది.

మన చేతిలో ఉన్నవాటిని ముందు తేల్చేయండి. ఫ్యానుకు బేరింగు మార్పించడం, కుళాయికి కొత్త వాషరు వేయించడం చిన్న ఖర్చులే. ఇన్వర్టరు పడకగది గోడకు ఆనుకుని ఉంటే దాని చోటు మార్చండి. ఈ మధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో నేలంతా నున్నని పలకలు, ఖాళీ గోడలు కావడంతో గదిలో మాట్లాడితేనే మారుమోగుతుంది. నేల మీద జంపఖానా, గోడకు మందపాటి దుప్పటి, పుస్తకాల అలమర ఉంటే ఆ మారుమోత తగ్గుతుంది. వీధిలోంచి వచ్చే హారన్ మోతను మాత్రం తెరలు ఆపలేవు. కిటికీ రెక్కల సందుల్లో రబ్బరు పట్టీలు అంటించడం అంతకంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే గాలి దూరే ప్రతి సందులోంచీ శబ్దమూ దూరుతుంది.

ఫోనులో శబ్దం కొలిచే ఆప్ ఒకటి వేసుకుంటే అంచనా దొరుకుతుంది. దాని అంకెలు కచ్చితమని అనుకోవద్దు, మునుపటికీ ఇప్పటికీ తేడా చూసుకోవడానికి చాలు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. స్టేషను దగ్గరో, బస్టాండు దగ్గరో ఇల్లున్నవాళ్లు ఈ అంకెలు చూసి నిరాశపడవద్దు. ఇంట్లో మిగతా గదుల కంటే నిశ్శబ్దంగా ఉండే మూల ఒకటి తప్పక ఉంటుంది. చాలా ఇళ్లలో అది వీధికి దూరంగా ఉండే సామాన్ల గదో, పూజగదో అవుతుంది. సాధనకు ఆ మూలనే ఎంచుకోండి.

ఇంకో మాట. గంగమ్మ జాతర జరిగే వారంలో, పెరటాసి శనివారాల్లో ఈ ఊళ్లో నిశ్శబ్దం వెతకడం దండగ. ఆ రోజుల్లో సాధనను తెల్లవారుజాముకు మార్చుకోండి, లేదా హాయిగా జాతరకు వెళ్లి డప్పుల మోతలో కలిసిపోండి. పదిమందితో కలిసి లయలో అడుగు వేయడం వల్ల కలిగే ఉల్లాసం వేరే రకం మేలు, దాన్ని కాదనాల్సిన పని లేదు.

రెండో అడుగు: మీ గొంతుతో మొదలుపెట్టండి

అన్ని వాద్యాల కంటే ముందు మీ గొంతు. పెదవులు మూసి ఝుంకారం చేయడం ఖర్చులేని పద్ధతి, ఎక్కడైనా చేయగలిగేది, ఊపిరిని దానంతట అదే నెమ్మది చేసేది. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం చెప్పిన ఎనిమిది కుంభకాల్లో (ప్రాణాయామ పద్ధతుల్లో) ఒకటైన భ్రామరికి ఇది సులువైన రూపం. దీన్నొక్కదాన్నే చేసి మిగతావి వదిలేసినా మీరు పెద్దగా ఏమీ పోగొట్టుకోరు. అందుకే దీన్ని వివరంగా చెబుతాను.

కుర్చీలోనో, చాప మీదో వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా పెట్టి కూర్చోండి. పెదవులు మూసి, లోపల పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య కొద్దిగా ఎడం ఉంచండి. దవడ బిగిస్తే నాదం గొంతులోనే ఆగిపోతుంది. నాలుకను కింది పళ్ల వెనుక తేలికగా వదిలేయండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా గాలి పీల్చండి. వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టే దాకా "మ్‌మ్‌మ్" అని తుమ్మెద ఝుంకారంలా సన్నగా పలకండి. ఈ లెక్కన ఒక శ్వాసకు పది సెకన్లు, నిమిషానికి ఆరు శ్వాసలు. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీసుకుంటాం కాబట్టి ఇది అందులో సగమో, అంతకంటే తక్కువో.

ఇప్పుడు స్థాయి సరిచేసుకోవాలి. బాగా కింది స్థాయిలో పలికితే అదురు ఛాతీలో తెలుస్తుంది. కొద్దికొద్దిగా పైకి తీసుకెళ్తుంటే అది గొంతు దాటి, ముక్కు దూలం పక్కన, పై పెదవి మీద చక్కిలిగింత పెట్టినట్టు తెలిసే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఆపండి, అదే మీ స్థాయి. ఒక అరచేతిని తల మీద పెట్టి చూసుకుంటే మాడు మీద కూడా సన్నని అదురు తగులుతుంది. చాలామంది గట్టిగా పలికితే ఎక్కువ మేలని అనుకుంటారు. గదిలో ఇంకొకరు ఉంటే వాళ్లకు లీలగా వినిపిస్తే చాలు.

రెండు మూడు నిమిషాలయ్యాక బొటనవేళ్లతో చెవులు మూసుకోండి. వేలు చెవి రంధ్రంలోకి దూర్చకూడదు. రంధ్రానికి ముందు, చెంప వైపు ఉండే చిన్న బుడిపెను మెల్లగా లోపలికి నొక్కితే అదే మూతలా మూసుకుంటుంది. ఒక్కసారిగా బయటి లోకం ఆగిపోయి, మీ నాదమే తలంతా నిండుతుంది. ఎముకల ద్వారా చేరే ఆ శబ్దం బయటి శబ్దం తగ్గినకొద్దీ పెద్దదిగా తోస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడే కాస్త ఆశ్చర్యపోతారు.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2002లో ఒక సంగతి గమనించారు. మౌనంగా ఊపిరి వదిలినప్పటితో పోలిస్తే, ఇలా ఝుంకారంతో వదిలినప్పుడు ముక్కు నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు 15 రెట్లు పెరిగింది. ముఖంలోని గాలి గదుల్లో గాలి ఆ అదురుకు బాగా కదలడమే దానికి కారణం. ఆందోళన తగ్గడానికీ దీనికీ నేరుగా ముడిపెట్టలేం. కానీ ముక్కు దిబ్బడ వేసినప్పుడు ఈ సాధన చేస్తే కొందరికి ఊపిరి తేలికగా ఎందుకు ఆడుతుందో ఇది కొంత చెబుతుంది.

మొదటి వారం ఐదు నిమిషాలు చాలు. ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, కళ్లు చెమర్చడం మామూలే. తల తిరిగినట్టయితే లెక్కలు ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. శ్వాస చివర్లో కడుపు బిగించి మిగిలిన గాలిని పిండేయవద్దు. ఇంకాస్త గాలి మిగిలి ఉండగానే నాదం ఆపి మళ్లీ పీల్చుకోండి. చెవిలో చీము, నొప్పి, జలుబుతో చెవి దిబ్బడ ఉన్నప్పుడు చెవులు మూసే భాగం వదిలేయండి. ఓంకారం చేసే అలవాటున్నవాళ్లు అలాగే చేసుకోవచ్చు, ఫలితం "మ"కారం సాగదీతలోనే ఎక్కువ. ఏ మతం వారికైనా ఉత్త "మ్" చాలు.

మూడో అడుగు: శ్రుతిలో కూర్చోండి

గొంతు అలవాటయ్యాక దానికి తోడు కావాలి. తంబుర నాదానికి మించిన తోడు నాకు తెలియదు. నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. గుర్రం (తీగలు ఆనే చిన్న చెక్క వంతెన) మీద ప్రతి తీగ కిందా ఒక సన్నని దారపు పోగు పెడతారు. ఆ పోగును వెంట్రుకవాసి జరిపితే, అప్పటిదాకా టంగుమని ఆగిపోయిన తీగ ఒక్కసారిగా జుమ్మని విప్పారుతుంది, ఒక స్వరంలోంచి పది స్వరాలు పైకి తేలతాయి. తంబుర విశ్రాంతినివ్వడానికి ఆ పోగే కారణం. మాట లేదు, కథ లేదు, ఎక్కడికీ వెళ్లదు, అయినా చెవికి విసుగు పుట్టనివ్వదు.

ఇంట్లో తంబుర లేకపోతే ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, అదీ లేకపోతే ఫోనులో ఉచిత తంబుర ఆప్. ఫోను స్పీకరులో మంద్ర స్వరాలు వినపడవు, చిన్న బయటి స్పీకరు పెట్టుకోండి. ఒక్కసారైనా అసలు తంబుర ఎదురుగా కూర్చుని వింటే మంచిది. మన ఊళ్లో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, సంగీతం చెప్పే ఇళ్లు చాలా ఉన్నాయి. తెలిసినవాళ్ల ద్వారా అడిగితే కాదనేవాళ్లు అరుదు.

శ్రుతి ఎంచుకునే తీరు ఇది. మగవాళ్లకు సాధారణంగా ఒకటి నుంచి రెండున్నర శ్రుతి, ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు సరిపోతాయి. షడ్జం పలికి, అక్కడి నుంచి కింది పంచమానికి దిగి, పై పంచమానికి ఎక్కండి. రెండు వైపులా గొంతు నొక్కుకోకుండా ఉంటే అదే మీ శ్రుతి. సంగీతం రానివాళ్లు ఈ తిప్పలేమీ పడక్కర్లేదు. తంబుర పెట్టుకుని రెండో అడుగులో చేసిన ఝుంకారాన్ని దాంతో కలపండి. కలవనప్పుడు రెండు నాదాల మధ్య గరగరమనే అల వస్తుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ అల నెమ్మదిస్తుంది, పూర్తిగా కలిస్తే మాయమవుతుంది. ఆ కలయికను వెతకడంలో పడితే రేపటి చిట్టీ డబ్బులు, పిల్లల ఫీజులు కాసేపు గుర్తుకు రావు. పది నిమిషాలు చాలు.

నాలుగో అడుగు: వినడానికి ఏం ఎంచుకోవాలి

ఓపిక లేని రోజుల్లో ఊరికే వినడమే మేలు. నిమిషానికి 60 నుంచి 80 తాళపు దెబ్బలు మించని, హఠాత్తుగా పెరగని, చివర్లో ఉరకలు వేయని సంగీతం కావాలి. అందుకే కచేరీ మొత్తం పెట్టుకోవద్దు, మృదంగం ఒంటరిగా మోగే తనియావర్తనం దగ్గర నిద్ర ఎగిరిపోతుంది. వేణువు, వీణ ఆలాపనలు గదిలో బాగుంటాయి. నాదస్వరం ఆరుబయట ఊరేగింపు కోసం పుట్టిన వాద్యం, పడకగదికి కొంచెం ఎక్కువే.

జోలపాటలకు మనవాళ్లు తరతరాలుగా నీలాంబరి, నవరోజు లాంటి రాగాలు వాడారు, వాటితో మొదలుపెట్టవచ్చు. ఆనందభైరవి, మధ్యమావతి కూడా ప్రయత్నించండి. అయితే ఫలానా రాగం ఫలానా జబ్బుకు అని పట్టికలు తిరుగుతుంటాయి, వాటికి గట్టి ఆధారం లేదు. రాగం కంటే మీ జ్ఞాపకం బలమైనది. దీనికి మన ఊరి ఉదాహరణే చెబుతాను. సుప్రభాతం ఎంత ప్రశాంతంగా ఉన్నా, చిన్నప్పటి నుంచి దాంతో నిద్ర లేచినవాళ్లకు రాత్రి పడుకునేటప్పుడు పెడితే ఒళ్లు మేల్కొంటుంది. పరీక్షల రోజుల్లో విన్న పాటా అంతే. మీకు ఏ హడావుడినీ, ఏ దుఃఖాన్నీ గుర్తుచేయని కొత్త ఆలాపన ఒకటి ఎంచుకుని, దాన్ని నిద్రకు మాత్రమే వాడండి. కొన్ని వారాలకు ఆ నాదం వినగానే కళ్లు బరువెక్కడం మొదలవుతుంది.

మాటలున్న పాటలు పడుకునే వేళకు వద్దు. భాష తెలిస్తే మెదడు అర్థం వెంట పోతుంది. యూట్యూబ్‌లో పెట్టుకుంటే మధ్యలో ప్రకటన వచ్చి ఉలిక్కిపడేలా చేస్తుంది. ముందే దించుకుని, అరగంటకు ఆగిపోయేలా టైమరు పెట్టి, ఫోనును బోర్లించి మంచానికి దూరంగా ఉంచండి. ఇయర్‌ఫోన్లతో పడుకోకండి. పెద్దలు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ మించకుండా వింటే వినికిడికి ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. విశ్రాంతికి అందులో సగం కూడా అవసరం లేదు. పక్కన కూర్చున్నవాళ్లు గొంతు పెంచకుండా మాట్లాడితే మీకు తెలియాలి, అదే కొలత.

ఐదో అడుగు: గిన్నె, గంట

కావాలనుకున్నవాళ్లకే ఇది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఇత్తడి, రాగి, కంచు సామాన్ల దుకాణాలు ఉన్నాయి. అడగాల్సింది కంచు గిన్నె. రాగి, తగరం కలిస్తే కంచు, రాగి, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. కంచు మోగినంతసేపు ఇత్తడి మోగదు. టిబెట్ గిన్నెల్లో ఏడు లోహాలు ఉంటాయని చెప్పి పదింతల ధర చెబితే నమ్మకండి, వాటిలోనూ సాధారణంగా ఉండేది కంచే.

కొనేముందు గిన్నెను చాపిన అరచేతిలో, వేళ్లు అంచుకు తగలకుండా పెట్టుకోండి. గుడ్డ చుట్టిన కర్రతో అంచుకు కాస్త కింద ఒక్కసారి మెల్లగా తట్టి, కళ్లు మూసుకుని వినండి. మొదటి ఖంగు తగ్గాక లోపల ఒక మంద్ర స్వరం మిగలాలి, అది వావ్ వావ్ అని ఊగుతూ పోవాలి. గిన్నె కచ్చితంగా గుండ్రంగా లేకపోవడం వల్ల దాదాపు సమానమైన రెండు స్వరాలు ఒకేసారి పుట్టి అలా ఊగుతాయి. చేత్తో సాగగొట్టిన గిన్నెలో ఆ ఊపు బాగుంటుంది. అర నిమిషమైనా మోగాలి. డొక్కుగా ఆగిపోతే సన్నని పగులు ఉన్నట్టే. దుకాణం మోతలో ఇవేవీ తెలియవు, కాబట్టి మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు వెళ్లండి.

ఇంట్లో తట్టే తీరు మరీ సులువు. ఒక్క దెబ్బ. అది పూర్తిగా కరిగిపోయే దాకా వినండి. ఇక వినపడటం లేదని తేల్చుకున్నాక రెండు శ్వాసలు ఆగి మళ్లీ తట్టండి. పదిసార్లు చాలు. కొత్తగిన్నె అక్కర్లేదనుకుంటే పూజగంట నాలుకతో ఒక్కసారి కొట్టి విడవండి, లేదా దాసరులు పట్టుకొచ్చే జేగంట లాంటిది ఇంట్లో ఉంటే అదీ పనికొస్తుంది. గిన్నెను ఒంటి మీద పెట్టి తట్టే పద్ధతిని శిక్షణ లేకుండా ఇంట్లో చేయవద్దు.

ఆరో అడుగు: నీటి శబ్దం

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు శేషాచలం మీద కురిసినప్పుడు కపిలతీర్థంలో కొండ మీంచి నీళ్లు హోరెత్తుతాయి. కార్తీక సోమవారాల జనం లేని మామూలు రోజు పొద్దున్నే వెళ్లి, దర్శనం అయ్యాక ఒక పక్కగా కూర్చోండి. ముందు దూరంగా ఉన్న శబ్దాలు, తర్వాత దగ్గరవి, ఆపైన నీటి హోరులోనే దాగిన రకాలు వినండి: రాతికి తగిలి చెదిరేది, కోనేటిలో పడి బుడబుడలాడేది, గాలికి పక్కకు కొట్టుకుపోయేది. తీరిక ఉంటే సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే తలకోనకు ఒకరోజు వెళ్లిరండి. అడవి నిశ్శబ్దం అక్కడ అదనంగా దొరుకుతుంది.

నీటి హోరులో అన్ని స్థాయిల స్వరాలూ కలిసి ఉంటాయి కాబట్టి అది మాటలను, హారన్లను కప్పేస్తుంది. పడకగదిలో రోడ్డు మోత ఆపలేనివాళ్లకు వాన శబ్దం మంచి ముసుగు. సొంతంగా రికార్డు చేసుకోవాలంటే రేకుల మీద వాన పడుతుండగా ఫోనును విమానం మోడులో పెట్టి, గాలి తగలని చోట అరగంట ఉంచండి. ఇంట్లో పెట్టేటప్పుడు బయటి శబ్దం కంటే కొంచెం తక్కువ స్థాయిలో పెట్టినా చాలు, ఆ శబ్దంలోని గతుకులు కప్పుకుపోతాయి. పసిపిల్లల గదిలో అయితే కనీసం ఏడు అడుగుల దూరాన, బాగా తక్కువగా పెట్టి, నిద్రపట్టగానే ఆపేయాలి.

ఏడో అడుగు: నిశ్శబ్దం

2006లో ఇటలీ పరిశోధకులు 24 మందికి రకరకాల సంగీతం వినిపించి గుండె, ఊపిరి, రక్తపోటు కొలిచారు. వేగమైన సంగీతానికి అవి పెరిగాయి. మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపితే సంగీతం మొదలుకాకముందు ఉన్న స్థాయి కంటే కూడా కిందికి దిగాయి. పరిశోధకులు ముందుగా అనుకుని పెట్టింది సంగీతమే, విశ్రాంతి ఎక్కువ ఇచ్చింది ఆ ఖాళీ.

కాబట్టి పైన చెప్పిన ఏ పద్ధతి చేసినా చివర రెండు నుంచి ఐదు నిమిషాలు ఏ శబ్దమూ పెట్టకుండా కూర్చోండి. టైమరు గంట మోగకూడదు. తంబుర ఆగగానే లేచి ఫోను చూసుకుంటే అప్పటిదాకా చేసింది సగం వృథా. ఆ నిశ్శబ్దంలో చెవి వెతుకుతూనే ఉంటుంది, వెతకనివ్వండి. కాసేపటికి ఊపిరి చప్పుడు, గుండె చప్పుడు తెలుస్తాయి. ఏదైనా హారన్ వినిపిస్తే దాన్ని తిట్టుకోకుండా, వచ్చి పోయేదాకా విని మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. కొందరికి చెవిలో కీచుమనే సన్నని శబ్దం వినపడుతుంది. అది అప్పుడప్పుడు ఉంటే పట్టించుకోవద్దు, రోజూ ఉంటే చెవి వైద్యుడికి చూపించండి.

ఎప్పుడు, ఎంతసేపు

రోజుకు 20 నిమిషాలు, ఒకే వేళ, ఒకే మూల. ఐదు నిమిషాలు ఝుంకారం, పది నిమిషాలు తంబురతోనో, విని కూర్చుంటూనో, మిగిలింది నిశ్శబ్దం. రాత్రి డ్యూటీ చేసే నర్సులు, డ్రైవర్లు పగలు పడుకునేముందు వాన శబ్దం పెట్టుకుని ఝుంకారం మాత్రం చేస్తే సరిపోతుంది. హాస్టల్లో ఉండే విద్యార్థులకు గది ఖాళీగా ఉండదు, వాళ్లు మెట్ల మీదో, మేడ మీదో కూర్చుని పెదవి కింద ఝుంకారం చేయవచ్చు. బండి నడిపేటప్పుడు ఇవేవీ చేయకండి.

వీటికి డబ్బు పెట్టకండి

432 హెర్ట్జ్‌కు (సెకనుకు 432 అదురులున్న స్వరానికి) ప్రత్యేక శక్తి ఉందనీ, 528 హెర్ట్జ్ జన్యువులను బాగుచేస్తుందనీ చెప్పే రికార్డింగులకు ఆధారం లేదు. పాశ్చాత్య సంగీతంలో సాధారణంగా వాడే 440 హెర్ట్జ్ అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలమానం మాత్రమే, విషం కాదు. రెండు చెవుల్లో కొద్ది తేడాతో స్వరాలు వినిపిస్తే మెదడులో మూడో అల పుట్టినట్టు తోచే సంగతిని 1841లో జర్మన్ శాస్త్రజ్ఞుడు డోవ్ కనిపెట్టాడు. దాన్ని బైనారల్ బీట్స్ అంటారు, ఇయర్‌ఫోన్లు ఉంటేనే పనిచేస్తాయి. ఆందోళన మీద వాటి ప్రభావం గురించి పరిశోధనలు ఒక్కమాట మీద లేవు. ఉచితంగా దొరికితే విని చూడండి, డబ్బు కట్టకండి.

వీళ్లు ముందు వైద్యుడిని అడగాలి

మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లు, మానసిక వ్యాధికి చికిత్స తీసుకుంటున్నవాళ్లు, శబ్దం భరించలేని చెవి సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు గిన్నెల శిబిరాలకు వెళ్లేముందు వైద్యుడి సలహా తీసుకోవాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు హెడ్‌ఫోన్లను మెడలో, జేబులో వేలాడదీయకూడదు, వాటిలో అయస్కాంతాలు ఉంటాయి. ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే అది అత్యవసరం, అదే రోజు ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు నిశ్శబ్దంలో కూర్చోలేకపోవచ్చు, వాళ్లను బలవంతపెట్టవద్దు. పక్కన ఎవరైనా ఉండి, కలిసి ఝుంకారం చేస్తే వాళ్లకు అది కొంత ఊరట. మనసు మరీ కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకుని రోజూ రెండు సంగతులు రాయండి: రాత్రి నిద్ర పట్టడానికి సుమారుగా ఎంతసేపయింది, సాధన తర్వాత ఒళ్లు ఎలా ఉంది. నెలకు వెనక్కి తిప్పి చూస్తే ఏ పద్ధతి మీకు పనిచేసిందో తెలుస్తుంది. పనిచేయనిదాన్ని మొహమాటం లేకుండా వదిలేయండి. వారంలో మూడు రాత్రులకు మించి నిద్ర పట్టకపోవడం నెలలు గడిచినా తగ్గకపోతే ఆ పుస్తకాన్నే వెంట తీసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి. నిద్రలేమికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే ప్రత్యేక చికిత్స ఉంది, దాని గురించి అడగండి. మొదటి రోజు వాళ్లు అడిగే ప్రశ్నలకు సగం జవాబులు మీ చేతి రాతలోనే ఉంటాయి.